చివరి మేజరుకు రెండు రోజులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఒకటి ఉంటుందన్న అనుమానం కూడా నాకు ఉండేది కాదు. ఇంజనీరింగు పూర్తయి ఏడాది తిరగలేదు. నరసరావుపేటలో ఒక పంపుసెట్ల దుకాణం మీద, రెండు గదుల ఆఫీసులో ఉద్యోగం. కింద మోటార్లు విప్పి బిగించే చప్పుడు, పైన ఫ్యాను చప్పుడు, ఆ రెంటి మధ్య నేను. ‘సిస్టమ్స్ ఇంజనీరు’ అని ఒక అట్టముక్క మీద నేనే రాసుకుని నా బల్ల మీద పెట్టుకున్నాను (ఆఫీసులో ఉన్నదే ముగ్గురం, వచ్చినవాళ్లు ఇంజనీరు ఎవరని వెతుక్కునేంత జనం ఎప్పుడూ లేరు). మిగిలిన ఇద్దరిలో ఒకరు ఆఫీసు యజమాని. వీధిలో అందరూ ఆయన్ని బాబాయి అనేవాళ్లు కాబట్టి నేనూ బాబాయి అనేవాణ్ని. జిరాక్సు సెంటరుతో మొదలై, ఇంటర్నెట్ సెంటరు నడిపి, చివరికి వెబ్‌సైట్ల పనిలోకి వచ్చిన మనిషి. సర్వరు అంటే ఏమిటో ఆయనకు పెద్దగా తెలియదు. దాన్ని చూసేవాడు ఎలాంటివాడో మాత్రం బాగా తెలుసు. రెండో ఆవిడ మాచర్ల నుంచి వచ్చి పేటలో స్థిరపడిన టైపింగ్ అక్క. తెలుగు టైపింగ్‌లో ఆవిడ వేళ్లు కదులుతుంటే చూడటానికి కింది దుకాణం వాళ్లు కూడా పైకి వచ్చేవాళ్లు.

మా చేతిలో ఉన్న పనుల్లో పెద్దది కాలువ నీటి సంఘం వాళ్ల వెబ్‌సైటు. సాగర్ నీళ్లు వచ్చే కాలువ మీద వరసగా మేజర్లు ఉంటాయి, అంటే పెద్ద కాలువ నుంచి పొలాల వైపు చీలే కాలువలు. నీళ్లు వదిలాక అన్నిటికీ ఒకేసారి అందవు, వంతులు వేస్తారు. ఏ మేజరుకు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్న పట్టికను సంఘం పంపేది, అక్క టైపు చేసి ఎక్కించేది, రైతులు పొద్దున్నే ఫోన్లలో చూసుకునేవాళ్లు. వంతు వచ్చిన మేజరు వాళ్లు ఆ రోజంతా కాలువ గట్టు మీద కాపలా తిరగాలి. తిరగకపోతే పైనున్నవాళ్లు మోటార్లు వేసి తోడేసుకుంటారు, కిందివాళ్లకు తడిసిన బురద మిగులుతుంది. ఇదంతా నేను విన్నదే గాని చూసింది కాదు. మాది వెల్దుర్తి దగ్గర మెట్ట ఊరు. మా నాన్న ఆకాశం వైపు చూసి సేద్యం చేసేవాడు, కాలువ వైపు చూసి కాదు.

ఆ వెబ్‌సైటు వెనక ఉన్న ప్రోగ్రాం మొత్తం నేను రాసిందే. ప్రోగ్రాం రాసేవాళ్లు మధ్య మధ్యలో తమ జ్ఞాపకం కోసం చిన్న చిన్న మాటలు రాసుకుంటారు. మిషను వాటిని చదవదు, చూడవచ్చిన జనానికి అవి కనిపించవు. నేను వాటిని తెలుగులో రాసుకునేవాణ్ని, అదీ బాగా మనసు విప్పి. ‘ఇక్కడ ప్రెసిడెంటు గారి ఫొటో. చిన్నది పెడితే అలుగుతాడు.’ ‘పేరు ముందు మూడు బిరుదులు. నాలుగోది అడిగితే చోటు లేదని చెప్పాలి.’ ‘ఫోన్ నంబరు కింద బాబాయిది ఇవ్వాలి, నాది వద్దు, తిట్లు ఆయనకు అలవాటే.’ ఇలాంటివి. నా తెలివికి నేనే నవ్వుకునేవాణ్ని. పాఠకుడు లేని రచయితకు ఉండే స్వేచ్ఛ ఇంకెవరికీ ఉండదు.

ఆ సంఘం ప్రెసిడెంటు గారు చెడ్డమనిషేమీ కాదని ముందే చెప్పాలి. తూము తలుపు విరిగితే ఇరిగేషన్ ఆఫీసు గుమ్మంలో వారం రోజులు కూర్చుని బాగు చేయించిన మనిషి. కాకపోతే గొంతు పెద్దది, ఫొటో మీద మమకారం ఇంకా పెద్దది. ఆ ఏడాది నీళ్లు వదలగానే ఒకరోజు నాకు ఫోన్ చేశారు. “అబ్బాయ్, చివరి మేజరుది రెండు రోజులు ఎనక్కి చూపించు. లిస్టు జోలికి పోవద్దు, అది అట్టానే ఉండిద్ది. ఫోన్లో కనపడేది మాత్రం మార్చు” అన్నారు. “అట్లాగే సార్” అన్నాను. ప్రోగ్రాంలో ఒక లైను చేర్చాను, చివరి మేజరు తేదీకి రెండు రోజులు కలిపేటట్టు. దాని పైన అలవాటు ప్రకారం రాసుకున్నాను: ‘చివరి మేజరుకు రెండు రోజులు వెనక్కి. ప్రెసిడెంటు చెప్పాడు. ఎందుకో అడగలేదు.’ ఆ సాయంత్రం అక్క తన ఫోను నా ముందు పెట్టి, “తమ్ముడూ, నేను టైపు చేసిన తేదీ ఒకటి, ఇందులో కనపడేది ఒకటి. ఏందిది?” అంది. “సిస్టమ్ అంతే అక్కా” అన్నాను. ఆవిడ నా వంక ఒక క్షణం చూసి, సిస్టమ్ వంక ఒక క్షణం చూసి, తన పనిలోకి వెళ్లిపోయింది.

వారం తర్వాత ప్రెసిడెంటు గారు మళ్లీ ఫోన్ చేశారు. ఆయన ఫొటో తెరుచుకోవడానికి చానా సేపు పడుతోందట, నుదురు కనపడ్డాక మీసం కనపడేదాకా టీ తాగి రావచ్చట. నిజానికి దోషం ఫొటోది. స్టూడియో వాళ్లు ఫ్లెక్సీ కోసం ఇచ్చినదాన్ని ఉన్నపళంగా ఎక్కించాను. దాన్ని చిన్నది చేస్తే సరిపోయేది. కానీ చిన్న పని చేయడానికి సిస్టమ్స్ ఇంజనీరు ఎందుకు? పేజీ మొత్తాన్ని నొక్కి, మూటకట్టి పంపే కంప్రెషన్ మాడ్యూల్ (మాడ్యూల్ అంటే సర్వరుకు తగిలించే విడిభాగం లాంటిది, ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది) ఒకటి సర్వర్లో ఉంటుందని చదివి, దాన్ని ఆన్ చేశాను. అంతకుముందే ఎప్పుడో నా ప్రోగ్రాంలోనూ అలాంటిదే రాసి పెట్టుకున్న సంగతి మరిచిపోయాను. అంటే ప్రోగ్రాం ఒక మూట కట్టింది, సర్వరు దాని మీద ఇంకో మూట కట్టింది, రైతు ఫోను పాపం ఒక్క మూటే విప్పింది. మర్నాడు పొద్దున ఒకాయన ఫోన్ చేసి, “బాబూ, మన వంతులు ఏదో చైనా భాషలో వచ్చినయ్యి, చదవను రాలా” అన్నాడు. ఒక మూట తీసేశాను, పేజీ మామూలుగా వచ్చింది. నేను ఒక పెద్ద సమస్యను సాధించానని బాబాయికి చెప్పాను (సమస్య తెచ్చింది ఎవరో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు).

ఈ గొడవలో నాకు ఇంకో దురలవాటు పట్టుకుంది: సర్వరు సెట్టింగులు చూడటం. ఒకేసారి ఎంతమందికి జవాబు చెప్పాలో రాసే చోట ఇరవై అని ఉంది. ఇరవై ఏమిటి, మనది పెద్ద ఆయకట్టు అని నూట యాభై చేశాను. ఒక్కొక్కరికి జవాబు చెప్పడానికి సర్వరు కొంత మెమరీ తీసుకుంటుందన్న సంగతి పక్క పేజీలో ఉంది, ఆ పేజీ నేను తిప్పలేదు. తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది దాకా రైతులంతా ఒక్కసారే చూస్తారు. మరుసటి రోజు ఆ వేళకు, కారంపూడి సంతరోజు షేర్ ఆటోలాగా, ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, బండి మాత్రం కదల్లేదు. మెమరీ మొత్తం నిండిపోయి సర్వరు కూలబడింది. మళ్లీ లేపితే మళ్లీ కూలబడింది.

నూట యాభైని ఇరవై చేస్తే అయిపోయేది. కానీ అది వెనకడుగు కదా. ‘అక్కర్లేని మాడ్యూళ్లు తీసేస్తే మెమరీ తగ్గును’ అని ఎక్కడో చదివాను. సర్వరులో మాడ్యూళ్ల పట్టిక చూస్తే ముప్ఫైకి పైగా ఉన్నాయి. ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. పేరు అర్థం కాకపోతే అక్కర్లేనిది. పేరు అర్థమైనా ఎందుకో తెలియకపోతే అదీ అక్కర్లేనిదే. అలా తీస్తూ తీస్తూ, నా ప్రోగ్రాంను నడిపించే మాడ్యూల్‌ను కూడా తీసి పక్కన పెట్టాను. మెమరీ వాడకం చూపించే గీత జారుడుబండ మీద పిల్లవాడిలా కిందికి వచ్చింది. బాబాయిని పిలిచి చూపించాను. “చూడు బాబాయ్, పావు వంతు కూడా వాడటంలా ఇప్పుడు.” ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, “బాగుందిరా. మరి పని చేస్తా ఉందా?” అని అడిగారు. నా కంప్యూటర్లో తెరిచి చూపించాను, పేజీ చక్కగా వచ్చింది (అది అంతకుముందు చూసినప్పుడు దాచుకున్న పాత పేజీ అని నాకు తెలియదు). “పరిగెత్తుతా ఉంది” అని చెప్పి, కిందికి దిగి ఇడ్లీలు తినడానికి వెళ్లాను. ఆ రోజు తిన్నంత తృప్తిగా నేను మళ్లీ ఎన్నడూ ఇడ్లీ తినలేదు.

రెండో వాయి వచ్చేలోపు ఫోన్ మోగింది. ఎవరో రైతు, నవ్వు ఆపుకుంటూ, “పెసిడెంటు అలుగుతాడంట గదా, నిజమేనా?” అన్నాడు. నాకు అర్థం కాలేదు. పెట్టేసి నా ఫోన్లో వెబ్‌సైటు తెరిచాను. ఫొటో లేదు, పట్టిక లేదు. పై నుంచి కింద దాకా నా ప్రోగ్రాం, ఉన్నది ఉన్నట్టు. నడిపించే మాడ్యూల్ లేకపోతే సర్వరు ఏం చేస్తుంది? దాని దగ్గరున్న కాగితాన్ని అడిగినవాళ్లందరికీ అలాగే ఇచ్చేస్తుంది. ఇంగ్లీషు గుర్తుల మధ్య నా తెలుగు మాటలు ఒక్కొక్కటే వెలిగిపోతున్నాయి. బిరుదుల సంగతి. తిట్లు అలవాటైన బాబాయి సంగతి. వాటి కింద చివరి మేజరు సంగతి. చేతులు కూడా సరిగా కడుక్కోకుండా మెట్లెక్కాను.

పైన అక్క అప్పటికే చూసేసింది. “ముందు పాస్‌వర్డు మార్చు. అది గూడా కనపడతా ఉంది” అంది (పాస్‌వర్డు బాబాయి కూతురి ముద్దుపేరు, దాని పక్కన ఒకటి రెండు మూడు). మార్చాను. తీసేసిన మాడ్యూళ్లు మళ్లీ పెట్టడానికి కూర్చుంటే ఏవి తీశానో జాబితా రాసుకోలేదని తెలిసింది. ఒకటి పెడితే ఇంకొకటి లేదని సర్వరు మొరాయించింది. అరగంట పట్టింది. ఆ అరగంటలో నా రచనలు ఊళ్ల ఫోన్ గ్రూపుల్లో ఎంత దూరం వెళ్లాయో నాకు తెలియదు గాని, పది గంటలకు ప్రెసిడెంటు గారు మెట్లెక్కి వచ్చారు.

“ఎవడ్రా అలుగుతానని రాసింది?” అన్నారు. కూర్చోమని బాబాయి కుర్చీ వేశారు, కూర్చోలేదు. “సర్వరు తప్పు సార్” అన్నాను. “సర్వరు రాసిందా ఆ మాట?” నేను కీబోర్డును అక్కర్లేకుండా సర్దాను. “నా పేరు ముందర బిరుదుకి చోటు లేదంట. ఎవరి చోటురా అది?” అని ఆయన ఇంకా అంటూ ఉండగానే మెట్ల మీద ఇంకొకరి అడుగుల చప్పుడు వినిపించింది. అరవై ఏళ్లు పైబడిన ఒక పెద్దమ్మ. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చెమటలు పట్టి ఉంది. కారంపూడి అవతల ఊరు, చివరి మేజరు కింద రెండెకరాల మిరప. ఆవిడ కాస్త ఊపిరి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్న నా పేజీని తెరిచి, వేలితో వెతుక్కుని, ఒక్కొక్క మాటా చదివింది. “చివరి మేజరుకు రెండు రోజులు వెనక్కి. ప్రెసిడెంటు చెప్పాడు. ఎందుకో అడగలేదు.” చదివి, “చివరి మేజరంటే మాదేగా?” అంది.

“అవును పెద్దమ్మా.”

“ఇది రాసింది ఎవరు?”

“అది... సర్వరులో కొంచెం ప్రాబ్లం వచ్చి...”

“సర్వరుకి మా మేజరు సంగతి ఎట్టా తెలుసు నాయనా?”

ఆవిడ ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. కింద ఎవరో మోటారు పరీక్షకు ఆన్ చేశారు, అది ఆగేదాకా అందరం నిలబడి ఉన్నాం. ఆ కొద్దిసేపట్లో నేను ఇంకో అబద్ధం కోసం వెతికాననే చెప్పాలి. దొరకలేదు. అక్క టైపింగ్ ఆపి నా వైపు చూస్తోంది. “నేనే రాశాను పెద్దమ్మా” అన్నాను. “ప్రెసిడెంటు గారు ఫోన్ చేసి మార్చమన్నారు. నేను మార్చాను. ఎందుకని అడగలేదు.”

ప్రెసిడెంటు గారు అప్పుడు కూర్చున్నారు. గొంతు మామూలు మనిషి గొంతు అయింది. “పైన మా ఊరోళ్ల నారు ఎండిపోతా ఉందమ్మా. పొద్దస్తమానం ఇంటి ముందర కూర్చుంటున్నారు. మీరు గట్టు మీద లేని రెండు రోజులేగా వాళ్లు తోడుకునేది, ఎనక సర్దుదామనుకున్నా.”

“మా నారు ఎండటంలా?” అందావిడ. “మీకు రెండు రోజులు తక్కువైతే మా కాడ తీసుకున్నారు. మాకు తక్కువైతే మేం ఎవరి కాడ తీసుకోవాల? మా ఎనక ఇంకెవరూ లేరు. మాయి పోతే పోయినట్టే.”

ప్రెసిడెంటు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుని, నా వంక చూడకుండా, “తీసెయ్‌రా ఆ లైను” అన్నారు. తీశాను. పెద్దమ్మ బల్ల చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చి నిలబడి, “నా దాంట్లో చూపించు” అంది. ఆవిడ ఫోన్లోనే తెరిచి చూపించాను. చివరి మేజరు వంతు ఆ రోజే. నేను కంగారుగా, “ఇవాళే పెద్దమ్మా, మీవాళ్లకి ఫోన్ చెయ్యండి” అన్నాను. “చేసేదేముంది, పొద్దున నీ రాత చదివినప్పుడే గట్టు ఎక్కారు అందరూ” అని ఫోను సంచిలో పెట్టుకుంది. ప్రెసిడెంటు గారు కాలువ మీద నీళ్లు చూసుకునే లస్కరుకి ఫోన్ చేసి, పైన మోటార్లు తీయించమని, తన ఊరి వాళ్లవి ముందు తీయించమని చెప్పారు. అది చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో ముఖంలో కనపడింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, “ఆ ఫొటో గూడా చిన్నది చెయ్యి. అందరి ఫోన్లూ ఆగిపోతన్నయ్యంట” అన్నారు.

నీళ్లు ఆ సాయంత్రానికి చివరి మేజరుకు చేరాయని తర్వాత తెలిసింది. అందరికీ సరిపోలేదు. ఆ పొద్దున గట్టు మీదికి కాపలా చేరేలోపు పైన కొంత పోయింది, ఇద్దరు ముగ్గురి నారు అప్పటికే వాడిపోయి మళ్లీ పోసుకోవాల్సి వచ్చింది. పెద్దమ్మ మిరప బతికింది. సంఘం వాళ్లు మీటింగు పెట్టుకుని గట్టిగానే మాట్లాడుకున్నారట. వెబ్‌సైటు మా దగ్గరే ఉంచారు. దానికి కారణం నా గొప్పతనం కాదు, ‘దాపరికం ఉండదు ఆ పిల్లోడి కాడ’ అని ఒక పెద్దాయన అన్నాడట (ఆ మాట నిజం కావడానికి నేను సర్వరును ఎంత పాడు చేయాల్సి వచ్చిందో ఆయనకు తెలియదు).

ఆ వారమంతా నేను ఇరవైని ఇరవైగా పెట్టి, ఒక్క కంప్రెషనే ఉంచి, ఏ మాడ్యూల్ ఎందుకో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంటే బాబాయి చూస్తూ ఉన్నారు. శనివారం టీ తాగుతున్నప్పుడు అన్నారు: “మాడ్యూల్ తీశావని నాకేం బాధ లేదురా. నేర్చుకుంటా ఉన్నావు, పోయిద్ది. నాకు తిట్లు అలవాటని రాశావు, అదీ నిజమే. కానీ ‘ఎందుకో అడగలేదు’ అని రాసుకున్నావు చూడు. అడగాలని తెలిసినోడివే గదా.” అంతే. నేను ఆ రోజు టీ పూర్తిగా తాగలేకపోయాను. ఆ తర్వాత చాలామంది పెద్ద పెద్ద అధికారులు నాకు నా తప్పులు చూపించారు గాని, ఎవరి మాటా అంత చోటు తీసుకుని లోపల కూర్చోలేదు.

ఆ మరుసటి ఏడాది నీళ్లు వదిలాక పెద్దమ్మ ఫోన్ చేసింది. “రేపు మా వంతని పెట్టావు. సరిగ్గానే పెట్టావా?” “సరిగ్గానే పెద్దమ్మా.” “అయితే వచ్చి చూడు ఒకసారి.” ఆదివారం కావడంతో వెళ్లాను, మొదటి బస్సుకి, ఆఫీసుకు వేసుకునే బూట్లతోనే. ఎండిన మేజరు గట్టు మీద పదిమంది పారలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పట్టికలో ఉదయం ఆరు అని ఉంది. ఏడైంది, ఎనిమిదైంది. తొమ్మిది దాటాక వంపు తిరిగి వచ్చింది నీరు. నేను ఉరకలు వేస్తూ వస్తుందనుకున్నాను. అది చెత్తనూ ఎండుటాకులనూ ముందుకు నెట్టుకుంటూ, నెర్రెల్లోకి ఇంకుతూ, మనిషి నడిచేంత నెమ్మదిగా వచ్చింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఒకాయన మాత్రం చెప్పులు విడిచాడు.

నేను మాత్రం మాట్లాడాను. కాలువ నీళ్లు పొలంలోకి మళ్లే మడవ దగ్గర పెద్దమ్మ పక్కన దిగి నిలబడి, నీళ్లు ఇంకా త్వరగా రావాలంటే మేజరులో ఏమేం మార్పులు చేయాలో, ఎక్కడ వెడల్పు తగ్గించాలో, ఎక్కడ ఆగుతోందో, చేతులు తిప్పుతూ వివరించాను. జీవితంలో మొదటిసారి నీళ్లు పారుతున్న మేజరును చూసి అప్పటికి పావుగంట అయి ఉంటుంది. ఆవిడ మధ్యలో అడ్డు చెప్పకుండా మొత్తం విన్నది. విని, “కాస్త పక్కకి జరుగు నాయనా, నీళ్లకి అడ్డం ఉన్నావు” అంది.

జరిగాను. బూట్లలోకి నీళ్లు ఎప్పుడు వచ్చాయో కూడా అప్పుడే తెలిసింది. ఇప్పుడు గుంటూరులో ఇంతకంటే పెద్ద సర్వర్లు చూస్తున్నాను, తెలియనివి ఎన్ని ఉన్నాయో కొంచెం తెలిసింది. అప్పుడప్పుడు ఆ కుర్రవాడు జ్ఞాపకం వస్తాడు, తడిసిన ప్యాంటుతో, ఇంకా చెప్పాల్సింది సగం నోట్లోనే ఉండగా. నవ్వొస్తుంది. కాస్త ముచ్చట కూడా వేస్తుంది, జరగమనగానే మారుమాట లేకుండా జరిగాడు కదా అని.